గోడ నిలబెట్టి ఫ్లాట్లు వేయవచ్చా: బెజవాడ, గుంటూరు పాత కట్టడాల లెక్క

విజయవాడలో గాని, గుంటూరులో గాని "పాత ఇంటిని అపార్ట్‌మెంటుకు ఇచ్చేశాం" అన్న మాటకు ఒకటే అర్థం. ఇల్లు పడగొడతారు, బర్మా టేకు దూలాలూ తలుపులూ పాతకలప అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి, రెండేళ్ళు తిరిగేసరికి అదే స్థలంలో స్టిల్టు, అంటే కార్లకు వదిలిన కింది ఖాళీ మీద ఐదంతస్తులు లేస్తాయి. ప్రపంచంలో చాలా నగరాల్లో ఇదే పనికి మరో పద్ధతి ఉంది. అక్కడ పాత కట్టడం గోడలూ ముఖభాగమూ ఉన్నచోటే ఉంటాయి, లోపలి భాగాన్ని మాత్రం విడదీసి నాలుగైదు ఇళ్ళో నలభై ఇళ్ళో అమరుస్తారు. మన ఊళ్ళలో ఈ రెండో పద్ధతి ఎందుకు కనిపించదని అడిగితే "పాత గోడలు బరువు మోయవండీ" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఆ జవాబు చాలావరకు తప్పని నా అభిప్రాయం. ముందుగా అడ్డం పడేది వాటాల లెక్క. దాని తర్వాత నీళ్ళు, నిబంధనలు, బ్యాంకు. గోడ వంతు చివరికి గాని రాదు.

మొదట ఏ కట్టడాల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే "చారిత్రక కట్టడం" అన్న ఒక్క మాట కింద చట్టం దృష్టిలో వేర్వేరు వస్తువులు కలిసిపోతున్నాయి. ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. వాటిలో ఎవరూ కాపురం పెట్టరు గనుక వాటి గురించి ఇక్కడ చెప్పేది లేదు, వాటి చుట్టుపక్కల గురించి మాత్రం ఉంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కాని నిషిద్ధ ప్రాంతంలో కూడా ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి అడగవచ్చు. అంటే గుహల దగ్గర పాత ఇల్లు ఉన్నవారికి పడగొట్టి కట్టుకునే దారి మూసుకుపోయినా, ఉన్నదాన్ని బాగుచేసుకునే దారి తెరిచే ఉంది. ఇక బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియం, అంటే ఇప్పటి బాపు మ్యూజియం వంటి ప్రజా కట్టడాలు ఉన్నాయి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి తలపెట్టిన ఆ భవనం, 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన కాంగ్రెసు సమావేశాలకు సాక్షి అయిన ఆ భవనం, ప్రదర్శనశాలగా ఉండటమే దానికి తగిన బతుకు.

మిగిలినవే అసలు సంగతి. విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుపక్కల కింద దుకాణం, పైన కాపురంగా కట్టిన మేడలు, సత్యనారాయణపురం పాత ఇళ్ళు, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో మిగిలిన పెంకుటిళ్ళూ మిద్దెలూ, పొగాకు వ్యాపారం నడిచిన రోజుల్లో వెలసిన గోదాములు, గ్రేడింగు షెడ్లు. ఇలాంటి ప్రైవేటు కట్టడాన్ని వారసత్వ కట్టడాల జాబితాకెక్కిస్తే తప్ప ఏ వారసత్వ చట్టమూ కాపాడదు. దాని భవిష్యత్తు తేల్చేది యజమాని కుటుంబం.

అక్కడ వాటాల లెక్క మొదలవుతుంది. ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం: 600 గజాల స్థలం, మూడు వేల చదరపు అడుగుల కింది భాగం, అంతే మేడ, ఐదుగురు వారసులు. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణతోనే హిందూ ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు సమాన హక్కు వచ్చింది, దేశమంతటా ఆడపిల్లలందరికీ 2005లో వచ్చింది. అది న్యాయమైన మార్పు. దానివల్ల తాతగారి ఇంటికి ఒక్కరే యజమాని అనే స్థితి పోయి, హైదరాబాదులో ఒకరు, అమెరికాలో ఇద్దరు, ఊళ్ళో ఇద్దరు అన్న స్థితి మామూలైంది. ఐదుగురికీ సమానంగా పంచాలంటే ఇంటిని ముక్కలు చేయలేరు, ఫ్లాట్లనైతే పంచుకోగలరు. డెవలపరు వచ్చి "సగం సగం" అంటాడు. స్టిల్టు మీద ఐదంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున పది ఫ్లాట్లు, వాటిలో కుటుంబానికి ఐదు. ఐదుగురికి ఐదు, చేతి నుంచి పైసా పెట్టనక్కరలేదు. ఇంత సులువుగా తెగే లెక్కకు పాత గోడ మీది ప్రేమ ఎంతసేపని నిలబడుతుంది?

కాని ఆ లెక్కలో ఎవరూ గట్టిగా చెప్పని ఒక భాగం ఉంది. మన దగ్గర ఫ్లాటు కొన్నవారికి రిజిస్ట్రేషన్‌లో దక్కేది ఫ్లాటు ఒక్కటే కాదు, స్థలంలో అవిభాజ్య వాటా కూడా. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం నడిచేది ఈ వాటా మీదనే, ముప్పై నలభై ఏళ్ళ తర్వాత ఫ్లాటు పాతబడ్డప్పుడు విలువ మిగిలేదీ ఆ వాటాకే. పడగొట్టి కట్టిన పది ఫ్లాట్లలో ఒక్కో దానికి వచ్చేది 60 గజాలు. అదే పాత ఇంటిని నిలబెట్టి, కిందా మేడ మీదా ఉన్న ఆరు వేల చదరపు అడుగుల్లో మెట్లూ నడవలూ పోను వెయ్యి, పదకొండు వందల అడుగుల ఇళ్ళు ఐదు చేస్తే, ఆ ఐదూ కుటుంబానివే, సగం తీసుకునే డెవలపరు లేడు, ఒక్కో ఇంటికి 120 గజాలు. వారసుడికి దక్కే ఫ్లాట్ల సంఖ్య రెండు దారుల్లోనూ ఒకటే, భూమి మాత్రం రెండో దారిలో రెట్టింపు. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది కాసేపు ఆగి మళ్ళీ లెక్క వేసుకోవడం చూశాను.

అయితే రెండో దారిలో డబ్బు ముందుగా ఎవరో ఒకరు పెట్టాలి. డెవలపరు సగం వాటా తీసుకుని చేస్తున్న అసలు సేవ అదే: పెట్టుబడి, అనుమతుల తిరుగుడు, కష్టనష్టాల పూచీ అన్నీ తన నెత్తిన వేసుకుంటాడు. ఐదుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిసి పెట్టుబడి పెట్టి, ఒకే మేస్త్రీనీ ఒకే ఇంజనీరునూ నమ్మి, పని పూర్తయ్యేదాకా ఒక్క మాట మీద ఉండాలి. బ్యాంకు దగ్గరికి వెళ్తే అక్కడ కట్టడం వయసు అడుగుతారు, అప్పు తీరేదాకా భవనం నిలుస్తుందని ఇంజనీరు ధ్రువపత్రం అడుగుతారు. కొత్త ఫ్లాటుకు పది నిమిషాల్లో తేలే ప్రశ్న పాత ఇంటి దగ్గర నెలలు తీసుకుంటుంది. ఫ్లాట్లు కట్టి అమ్మేవారిని అదుపు చేసే 2016 నాటి రెరా చట్టం మాత్రం చిన్న ఇంటిని ఇబ్బంది పెట్టదు. ఎనిమిది ఫ్లాట్లు మించని పనికి, 500 చదరపు మీటర్లు మించని స్థలానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అమ్మకమూ ప్రకటనా లేని మరమ్మతుకు అసలే అక్కరలేదు. పెద్ద కట్టడాన్ని విడదీసి అమ్మదలచినప్పుడే దాని బరువు తెలుస్తుంది: అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం తేలితే బాగుచేసే బాధ్యత ప్రమోటరుదే. కొత్త కాంక్రీటుకు పూచీ ఇవ్వడం వేరు, ఎవరో తొంభై ఏళ్ళ క్రితం పేర్చిన ఇటుకకు పూచీ ఇవ్వడం వేరు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. బ్రాడీపేటలో మా మేనత్త గారి ఇల్లు సున్నపు గచ్చుతో కట్టినది, గోడ మందం అడుగున్నర. పడమటి గది గోడకు అడుగున మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులు ఊడి, తెల్లటి ఉప్పు పూత పూసి ఉండేది. అది చూపించే అందరూ "ఇల్లు అయిపోయింది" అనేవారు. పోయిన ఏడాది ఒక పెద్ద వయసు తాపీ మేస్త్రీని పిలిపించాం. ఆయన సుత్తి వెనక భాగంతో గోడను పైనుంచి కింది దాకా తట్టుకుంటూ వచ్చాడు, పెచ్చు ఊడినచోట ఉలితో గీకి వచ్చిన పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "అమ్మగారూ, లోపల సున్నం ఇంకా రాయిలాగే ఉందండి. ఈ సిమెంటు ఎవరు పూయించారో గాని, చెమ్మకు బయటికి పోయే దారి మూసేశారు" అన్నాడు. పూయించింది మా మావయ్య గారే, పాతికేళ్ళ క్రితం, గోడ గట్టిపడుతుందన్న నమ్మకంతో. మా అత్త ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది.

ఆ మేస్త్రీ మాటలో ఉన్న శాస్త్రం ఇది. నేలలోని తేమ ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ తేమను గాలిలోకి పోనిస్తుంది. సిమెంటు పూత పోనివ్వదు. బయటికి పోలేని తేమ ఇంకా పైకి ఎగబాకి, వెంట తెచ్చిన ఉప్పును పూత వెనక పేరుస్తుంది, ఆ ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఇటుక ముఖాన్నే పొరలుగా ఊడదీస్తుంది. కాబట్టి చికిత్స సిమెంటు తీసేసి మళ్ళీ సున్నం పూయడం. గానుగలో నూరిన సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలిపే పద్ధతి మన తాపీ పనివారికి కొత్తది కాదు. ఆ పని తెలిసినవారు తగ్గిపోయారన్నది నిజమే, సరుకు దొరకదన్నది మాత్రం నిజం కాదు: సున్నపు బట్టీలకు దేశంలోనే పేరు మోసిన పిడుగురాళ్ళ గుంటూరు నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలోనే ఉంది.

గుంటూరుకు మరో చిక్కు నల్లరేగడి. ఎండాకాలం ఆ నేల నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది, దానితో పాటు తక్కువ లోతు పునాది మీది గోడ కూడా కదులుతుంది. అందుకే గోడ మీద బీట చూసి బెదరనక్కరలేదు, అది పెరుగుతున్న బీటా, ఋతువుతో పాటు తెరుచుకుని మూసుకునే బీటా అన్నది తేల్చాలి. దానికి పెద్ద యంత్రాలేవీ అవసరం లేదు. బీటకు అడ్డంగా ఒక సన్నని గాజు ముక్కను రెండు చివరలా గచ్చుతో అతికించి, పక్కన తేదీ రాసి వదిలేస్తారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. మన నేలలో ఇది ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ గడిచేదాకా చూడవలసిన పరీక్ష. రెండు వారాల్లో తేల్చి చెప్పే నివేదికను నేనైతే నమ్మను.

భూకంపం సంగతి కూడా చెప్పాలి. భూకంపాల లెక్క చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 1893, దాని 2016 ప్రతిలో విజయవాడ, గుంటూరు రెండూ ఓ మోస్తరు ప్రమాదముండే మూడో జోన్‌లో ఉన్నాయి. ఇనుము లేని పాత ఇటుక గోడ నిట్టనిలువు బరువును బాగా మోస్తుంది గాని పక్కకు తోసే బలానికి లొంగుతుంది. ఫ్లాట్ల కోసమని కొత్త గుమ్మాలు కొట్టేకొద్దీ ఆ బలహీనత పెరుగుతుంది. పైకప్పు మట్టంలో నాలుగు గోడలనూ ఇనుప కడ్డీలతోనో పట్టీలతోనో కట్టివేయడం, మూలలను బిగించడం వంటి పద్ధతులను ఐఎస్ 13935 వివరిస్తుంది. ఇంటిని విడదీసే పథకం గీసేవారు ముందు ఏ గోడలు ముట్టుకోకూడదో గుర్తుపెట్టి, తర్వాత గదులు గీయాలి. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు.

నా దృష్టిలో గోడ కంటే కఠినమైన ప్రశ్న నీళ్ళది. పాత ఇంట్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది, స్నానాల గది నూతి పక్కన ఉండేది, మేడ మీద చుక్క నీరు వాడేవారు కాదు. ఐదు ఇళ్ళు చేస్తే ఐదు వంటగదులు, పది బాత్‌రూములు కావాలి, వాటిలో సగం మేడ మీదే. ఆ మేడ నేల మద్రాసు మిద్దె పద్ధతిలో, అంటే టేకు దూలాల మీద ఇటుకలను నిలబెట్టి పేర్చి, పైన సున్నపు కంకర దట్టించి చేసినది. ఎండిపోయి ఉన్నంతకాలం నూరేళ్ళు నిలుస్తుంది. గోడలోకి దూర్చిన దూలం చివర తడి తగిలిందంటే నాలుగైదేళ్ళలోనే లోలోపల మెత్తబడిపోవచ్చు, పైకి ఏమీ కనిపించదు. బరువు కూడా తక్కువేమీ కాదు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న మామూలు లెక్కన ఇంటికి నలుగురు చొప్పున ఐదు ఇళ్ళకు 2,700 లీటర్లు, అంటే రెండు టన్నుల ఏడు వందల కిలోలు. దాన్ని తెచ్చి మిద్దె మీద పెడితే ఆ మిద్దె ఎన్నడూ ఎరగని బరువు పెట్టినట్టే. అందుకని తెలిసినవారు బాత్‌రూములనూ వంటగదులనూ ఇంటి వెనక భాగంలో కొత్తగా లేపిన సన్నని కాంక్రీటు గోపురంలోకి మారుస్తారు, ట్యాంకునూ గొట్టాలనూ దానికే అప్పజెబుతారు. పాత ఇంట్లో పొడిగా ఉండే గదులే మిగులుతాయి. వెనక పెరడు ఉన్న బ్రాడీపేట ఇళ్ళకు ఇది చక్కగా కుదురుతుంది. పెరడే లేని వన్ టౌన్ మేడకు కుదరదు.

వన్ టౌన్‌కు ఆ లోటు ఉన్నా, నిబంధనల వైపు నుంచి ఎవరూ ఊహించని లాభం ఒకటి ఉంది. అక్కడి పాత మేడలు పక్క ఇంటితో ఉమ్మడి గోడ పంచుకుని, వీధిని ఆనుకుని, స్థలం అంచు నుంచి అంచు దాకా కట్టినవి. పడగొడితే కొత్త ప్లానుకు ఇప్పటి నిబంధనల ప్రకారం ముందూ పక్కలా ఖాళీ వదలాలి, వీధి విస్తరణ గీత పడి ఉంటే దానికీ కొంత పోవాలి, కార్లకు చోటు చూపించాలి. ఇరవై అడుగుల వెడల్పు స్థలంలో అవన్నీ పోగా మిగిలేది ఒక గది వెడల్పు. అదే ఉన్న గోడను నిలబెట్టి లోపల బాగుచేసుకుంటే ఆ విస్తీర్ణం చేజారదు. నలుగురైదుగురు యజమానులు ఒకేచోట ఈ పని చేస్తే వీధి ముఖం మారకుండానే మంచి ఇళ్ళు వస్తాయి. కారు పెట్టుకునే చోటు ఉండదు, నిజమే. కాని రైల్వే స్టేషనుకూ బస్టాండుకూ మార్కెట్టుకూ నడిచి వెళ్ళగల చోటు అది, దుకాణాల్లో పనిచేసేవారికీ ఇప్పుడే కాపురం పెట్టినవారికీ కారు కంటే అద్దె ముఖ్యం.

పెద్ద సంఖ్యలో ఫ్లాట్లు రాగలిగినవి మాత్రం గుంటూరు గోదాములే. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగానే ఏర్పడింది, అంతకు చాలాముందు నుంచే వర్జీనియా పొగాకు కొనుగోలు, గ్రేడింగు, ఎగుమతి ఈ ఊరి ప్రాణంగా ఉన్నాయి. ఆ ఆకుకు పేరిచ్చిన వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో జేమ్స్ నది ఒడ్డున ఇలాంటి పొగాకు గోదాములే బారులు తీరి ఉండేవి. "టొబాకో రో" అని పిలిచే ఆ వరుసలో చాలా కట్టడాలు గత శతాబ్దం చివరి నుంచి అపార్ట్‌మెంట్లుగా మారాయి. ఎర్ర ఇటుక గోడలు, లావు కొయ్య స్తంభాలు అలాగే ఉన్నాయి, లోపల కాపురాలు ఉన్నాయి. ఒకే పంట కోసం పుట్టిన కట్టడాలు, ఒకచోట ఇళ్ళయ్యాయి, మరొకచోట తాళాలు పడి ఎదురుచూస్తున్నాయి. ఈ పోలిక నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

గోదాము ఎందుకు అనుకూలమంటే, అది మొదటి నుంచీ బరువు కోసం కట్టినది. ఇంటి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు లెక్కగట్టే ఐఎస్ 875, అంటే కట్టడాలు మోయాల్సిన బరువుల ప్రమాణం, గోదాము నేలకు దానికి మూడింతలకు పైగా అడుగుతుంది. ఒకే అంతస్తు ఉన్న షెడ్డయినా, దాని ఎత్తులో రెండు అంతస్తుల కాపురం ఇమిడిపోతుంది. ఇంజనీర్లు అప్పుడు పాత గోడ మీద ఏ బరువూ వేయకుండా లోపల విడిగా ఉక్కు చట్రం నిలబెట్టి, ఫ్లాట్లను దాని మీద కడతారు, పాత గోడ ఎండనూ వాననూ ఆపే పని మాత్రం చేస్తుంది. పూచీ ఇవ్వవలసిన కట్టడం కొత్త చట్రమే గనుక రెరా భయమూ తగ్గుతుంది. కష్టం వెలుతురు దగ్గర వస్తుంది. వీధి నుంచి లోపలికి నూరడుగులు సాగిన గోదాము మధ్యలో గది వేస్తే దానికి కిటికీ ఉండదు. దీనికి మందు మన మండువా లోగిలిలోనే ఉంది: పైకప్పు మధ్యభాగం తీసేసి ఆకాశం కనిపించే వాకిలి ఒకటి చేసి, ఇళ్ళన్నీ దాని చుట్టూ తిప్పడం. కొంత విస్తీర్ణం పోతుంది, పోనివ్వాలి. పైన ఆస్‌బెస్టాస్ రేకులుంటే వాటిని పగలగొట్టకుండా తడిపి, ముసుగులు వేసుకున్న మనుషులతో దించాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

అమెరికాలో ఇది సాగడం వెనక పన్ను రాయితీ ఉంది. గుర్తింపు పొందిన చారిత్రక కట్టడాన్ని నియమాల ప్రకారం బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతాన్ని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆదాయపు పన్నులో తగ్గిస్తుంది. కట్టడం ఆదాయం తెచ్చేదై ఉండాలి, ఐదేళ్ళలోపు అమ్మితే రాయితీలో కొంత వెనక్కి కట్టాలి. అందుకే అక్కడ ఇలాంటివి ఎక్కువగా అద్దె ఇళ్ళుగా మొదలవుతాయి. మనం అమ్మకం తప్ప మరో మాట ఆలోచించం. మన దగ్గర ఉన్న సాధనం వేరు: బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు, అందరూ టీడీఆర్ బాండు అనేది. పాత కట్టడం మీద వేసుకోలేకపోయిన అంతస్తులను కాగితం మీదికి ఎక్కించి, మరోచోట కట్టుకునేవారికి అమ్ముకోవడం దాని సారాంశం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనలు, అందరూ జీవో 168 అనేవి, వారసత్వ కట్టడాన్ని కొత్త వాడుకతో కాపాడుకునే యజమానికి కూడా ఈ హక్కు ఇవ్వవచ్చన్నాయి. అహ్మదాబాదు పాత నగరంలో ఇళ్ళ యజమానులకు ఈ దారి చూపించారు, ఆ నగరానికి 2017లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. మన ఊళ్ళలో టీడీఆర్ అనగానే రోడ్డు విస్తరణలో పోయిన స్థలమే గుర్తుకొస్తుంది. కట్టడం జాబితాలోకి ఎక్కితేనే ఈ హక్కు అడగగలరు. జాబితా అనగానే యజమాని భయపడతాడు, ఇక గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి కావాలేమోనని. హైదరాబాదులో 1995 నుంచి నడిచిన వారసత్వ నిబంధనను 2015లో తీసేయడం వెనకా ముందూ జరిగిన వాదనల్లో ఆ భయం పెద్ద పాత్రే పోషించింది. ఇక్కడ జాబితా వేసేవారు ఆ కాగితంతో పాటే యజమాని చేతిలో బాండు పెట్టకపోతే, జాబితా వార్త తెలిసిన వారంలోపే కూల్చివేతలు మొదలవుతాయి.

మా అత్త ఇంటి విషయంలో ఇంకా ఏదీ తేలలేదు. పడమటి గోడ సిమెంటు తీయించి, ఆరనిచ్చి, సున్నం పూయించాం. మేస్త్రీ రెండు బీటల మీద గాజు ముక్కలు అతికించి, పక్కన బొగ్గుతో తేదీ రాశాడు. ఎండాకాలం దాటాక చూస్తే వంటగది వైపుది పగిలింది, హాలులోది పగలలేదు. పగిలినచోట పునాది తవ్వి చూడాలని ఇంజనీరు చెప్పాడు. మా బావలూ వదినలూ దసరాకు వస్తున్నారు. అప్పటికి వానలూ తగ్గుతాయి, హాలు గోడ మీది గాజు సంగతీ తెలుస్తుంది.